బాకాలో గొంతు

బ్యాటరీ కొట్టు వీధంటేనే జనానికి గుండె దడ. దీపాలు పెట్టాక అటు ఎవ్వరూ అడుగేసేవారు కాదు. మూసిన కొట్టులోంచి చచ్చినవాడు పిలుస్తాడట...

ఇది మా పెదనాన్న చెప్పింది. ఆయన దర్జీ. పెద్దమ్మకి ఒక అన్న, ఒక తమ్ముడు. బ్యాటరీ కొట్టు అన్నయ్యది, పనితనం తమ్ముడిది. కరెంటు లేకపోయినా బ్యాటరీ మీద పాడే రేడియో ఊళ్లో మొదట చేసింది ఆ తమ్ముడే. కొట్టు కింద నేలమాళిగలో కూర్చుని, గాజుబుడ్డి వాల్వులు ఒక్కోటీ బిగించి చేశాడు. రేడియో పెట్టె కింద మాళిగలో, పాట వినిపించే బాకా పైన కొట్టులో. పాట వినడానికి జనం విరగబడ్డారు.

"పెట్టె మీద నా పేరుండాలి అన్నయ్యా," అన్నాడు తమ్ముడు.

అన్న నవ్వి ఊరుకున్నాడు.

మర్నాడు కొట్టు మూసి ఉంది. తమ్ముడు పడవ మునిగి పోయాడని అన్న గుండెలు బాదుకున్నాడు. శవం కూడా దొరకలేదన్నాడు.

రెండో సాయంత్రం పెదనాన్న, పెద్దమ్మ ఆ వీధిన వస్తున్నారు. మూసిన తలుపుల వెనక — గరగర.

"అక్కా..."

ఇద్దరూ తలుపు వైపు తిరిగారు.

"బావా... కింద ఉన్నా... నీళ్లు..."

"మా తమ్ముడే! వదలండి!" పెద్దమ్మ పెదనాన్న చెయ్యి విదిలించుకుని తలుపు మీద పడబోయింది.

పెదనాన్న ఆమె నోరు నొక్కేశాడు. "పలికావంటే నిన్నూ తీసుకుపోతాడే... వాడు మనవాడు కాదిప్పుడు!"

ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చి గడియ పెట్టాడు.

"చచ్చినవాడికి జవాబివ్వకండి," అని అన్న ఇంటింటికీ తిరిగి చెప్పాడు. ఎవ్వరూ ఇవ్వలేదు. గొంతు రోజురోజుకీ సన్నబడింది. ఆరో సాయంత్రం... ఏమీ లేదు. పీడ విరగడైందని వీధంతా ఊపిరి పీల్చుకుంది.

రెండు నెలలకి అన్న కొట్టు అమ్మేసి ఊరొదిలాడు. కొన్న మెకానిక్కు మూల పేర్చిన బ్యాటరీలు జరిపిస్తే, వాటికింద నేలతలుపు. పైనుంచి తాళం.

పెదనాన్ననీ పెద్దమ్మనీ పిలిపించి పగలగొట్టారు.

మెట్ల మీదే ఉన్నాడు తమ్ముడు... ఒళ్లో రేడియో. దానికి టెలిఫోనులో మాట్లాడే గొట్టం ఒకటి తగిలించి, తీగ పైనున్న బాకాకి కలిపాడు. బ్యాటరీ అయిపోయేదాకా పిలిచాడన్నమాట.

"మరి చెవులకి ఆ హెడ్‌ఫోన్లెందుకు?" పెదనాన్న అడిగాడు.

మెకానిక్కు తీగని వేలితో తడిమి చూశాడు.

"బాకా రెండు వైపులా పనిచేసేలా కలిపాడండీ. పైన మీరేం మాట్లాడినా... ఈయనకి వినబడే ఉంటుంది."

పెద్దమ్మ మొగుడి వైపు తిరిగింది.