కుళాయి కింద బొమ్మ

తెల్లవారి ఆరింటికల్లా టీచరమ్మ హాల్లో బల్లలన్నీ తుడిచేసింది. తొమ్మిది మందికి తొమ్మిది అట్టలు, తొమ్మిది నీళ్ళ గ్లాసులు, తొమ్మిది పాత తువ్వాలు ముక్కలు వరసగా సర్దింది. తర్వాత వెనక గోడకున్న తొట్టి దగ్గరికెళ్ళి కుళాయి తిప్పి చూసింది. ధార బాగానే ఉంది. కట్టేసి కాఫీ కలుపుకోవడానికి వెళ్ళి, పాలు పొంగేలోగా మళ్ళీ వచ్చి ఇంకోసారి తిప్పింది. అరవై రెండేళ్ళొచ్చాయి, ఏడు దేశాలు తిరిగొచ్చింది, అయినా పరీక్ష రోజు పిల్లలా ఈ కంగారేమిటని తనలో తానే నవ్వుకుంది.

పగ అంటే పళ్ళు కొరకడం, కేకలు పెట్టడం అనుకుంటారు చాలామంది. టీచరమ్మది ఆ రకం కాదు. పొద్దున్నే లేచి తలదువ్వుకుని, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, అందరినీ నవ్వుతూ పలకరించే పగ. నలభై మూడేళ్ళుగా దాన్ని ఎక్కడా వాడిపోనివ్వకుండా పెంచుకుంటూ వచ్చింది.

ఆర్ట్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి. ఆవిడ బొమ్మల ప్రదర్శనలు ఎక్కడెక్కడో జరిగాయి. కానీ పరాయి దేశాలవాళ్ళు పనిగట్టుకుని వర్క్‌షాపులకి పిలిచేది మాత్రం చివరి రోజు పాఠం కోసం. ఇరవై రోజులు నీటిరంగులు నేర్పించి, చివరి రోజున ఎవరి మంచి బొమ్మని వాళ్ళచేతే కుళాయి కింద కడిగిస్తుంది. కొన్ని రంగులు పోతాయి, కొన్ని కాగితంలోకి దిగిపోయి వదలవు. ఆ మిగిలిన మరకల మీద కొత్త బొమ్మ వెయ్యాలి. "పోయాక మిగిలిందే మీది" అని ఆవిడ అంటుంటే జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు, లేచి నిలబడి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఈ పాఠం ఎక్కడ నేర్చుకున్నారని పత్రికలవాళ్ళు అడిగితే "మా ఇంట్లోనే" అని నవ్వి ఊరుకునేది.

ఆ ఇంటి సంగతి ఇదీ. తండ్రి పోయి అప్పటికి ఏడాది. పందొమ్మిదేళ్ళ పిల్ల డిగ్రీ పరీక్ష ఎగ్గొట్టి, నాలుగు రోజులు గది తలుపేసుకుని ఒక బొమ్మ వేసింది. స్కూల్లో కొత్తగా మాస్టారైన అన్నయ్య సాయంత్రం ఇంటికొచ్చి, సంగతి తెలుసుకుని, పల్లెత్తు మాట అనకుండా ఆ కాగితం తీసుకెళ్ళి వంటింటి కుళాయి కింద పట్టుకున్నాడు. అంతా కడిగాక చెల్లెలి చేతిలో పెట్టి, "కాగితం గట్టిదే. ఆరేసుకో, మళ్ళీ పనికొస్తుంది" అన్నాడు. ఆ పిల్ల ఇంకో ఆరు నెలలకి ఇల్లు విడిచి వెళ్ళిపోయింది. తర్వాత చావులకీ పెళ్ళిళ్ళకీ కలిశారు, క్షేమసమాచారాలు అడిగారు, అంతే.

అలాంటి అన్నయ్య తనంతట తనే ఆవిడ చేతికి చిక్కాడు. రెండేళ్ళ కింద భార్య పోయింది. ఆర్నెల్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పింది. చేతికి ఏదో ఒక పని చెప్పమని డాక్టరు అన్నాడట. పళ్ళ డాక్టరైన కూతురు, "మన అత్త దగ్గరే బొమ్మలు నేర్చుకోకూడదా నాన్నా?" అని ఈ వర్క్‌షాపులో చేర్పించింది. టీచరమ్మ కాదనలేదు. "తప్పకుండా తీసుకురా" అంది. ఆ రోజు ఆవిడ రెండు ముద్దలు ఎక్కువే తింది.

ఎనిమిదిన్నరకి గుమ్మంలో చేతికర్ర చప్పుడైంది.

"ఇవాళ క్లినిక్కి సెలవు పెట్టేశానత్తా! చివరి రోజు కదా, నేనూ చూస్తా" అంటూ మేనకోడలు తండ్రి చెయ్యి పట్టుకుని లోపలికొచ్చింది.

"చూడు, చూడు. చూడాల్సిందే" అంది టీచరమ్మ. "నడుము పట్టేసిందా అన్నయ్యా? ఆ మెత్త వేసుకో."

"పర్లేదు టీచర్" అన్నాడు మాస్టారు.

మొదటి రోజు నుంచీ ఆయన ఆవిణ్ణి అలాగే పిలుస్తున్నాడు. జీవితమంతా పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి, ఇప్పుడు చెల్లెల్ని టీచర్ అంటున్నాడు. టీచరమ్మ ఆ పిలుపు విని కరిగిపోలేదు సరికదా, ఇంకా బిగుసుకుంది. మిగతా ఎనిమిది మందీ రెండోరోజే రంగుల్లోకి దిగితే, ఆయనచేత వారం రోజులు గీతలే గీయించింది. "వంకర. మళ్ళీ గియ్యి." కాగితం చింపేసి ఇంకోటి చేతికిచ్చేది. ఆయన చెయ్యి వణుకుతుంటే గోడ గడియారం కేసి చూసేది. ఒక్కనాడూ ఆయన ఎదురు మాట్లాడలేదు. సరే టీచర్, సరే టీచర్. అదొకటి ఆవిడకి మహా చిరాకు. తిరగబడితే కదా దులిపెయ్యడానికి!

మూడురోజుల కింద ఆవిడ చివరి బొమ్మకి విషయం ఇచ్చింది. "మీకు ఇంక కనపడని మనిషిని వెయ్యండి." ఎవరిని వేస్తాడో ఆవిడకి తెలుసు.

తెలిసినట్టే మాస్టారు భార్యని వేశాడు. సూదిలో దారం ఎక్కిస్తోంది, నాలుక కొస కొంచెం బయటికొచ్చింది, కళ్ళు చిట్లించింది. గీతలన్నీ వణికినవే, భుజం ఒకటి కిందకి జారింది, అయినా మనిషి అక్కడ కూర్చుని ఉంది. నిన్న మధ్యాహ్నం ఆ బొమ్మ చూసి టీచరమ్మ మనసు భగ్గుమంది. బాగుంది మరి. బాగుందని ఒప్పుకోవాల్సి రావడం ఆవిడకి ఒళ్ళు మంట.

అందరూ వచ్చి కూర్చున్నాక టీచరమ్మ తొట్టి పక్కన నిలబడింది. చేతులు తుడుచుకుని, ఎప్పుడూ చెప్పే నాలుగు మాటలూ చెప్పింది. వింటున్నవాళ్ళ మొహాలు పాలిపోతున్నాయి. కళ్ళజోళ్ళ షాపావిడకి మాత్రం ఇది కొత్తకాదు, కిందటి బ్యాచ్‌లో కూడా చేరింది.

"పోయినసారి మాకు కిటికీ వెయ్యమన్నారు కదా మేడమ్? అందరికీ కిటికీయే ఇస్తారని విన్నానే" అందావిడ అమాయకంగా. "మనుషుల్ని కడగాలంటే భయంగా ఉంది."

"ఈసారి మార్చాను" అంది టీచరమ్మ. "మాస్టారూ, మీరు ముందు రండి."

మేనకోడలు లేచి నిలబడింది. పళ్ళు పీకే మనిషికి నొప్పి ఎక్కడుందో కనిపెట్టడం అలవాటే.

"అత్తా, ఒక్క నిమిషం. ఎందుకు మార్చావు?"

"క్లాసు జరుగుతోందమ్మా. కూర్చో."

"కూర్చోను. నాన్న వచ్చాడని మార్చావు. అమ్మనే వేస్తాడని తెలిసి మార్చావు. అవునా, కాదా?"

టీచరమ్మ అబద్ధం ఆడదలచుకోలేదు. ఇన్నేళ్ళు ఆగింది అబద్ధం ఆడడానికి కాదు.

"అవును. తెలిసే మార్చాను."

"అమ్మ మొహం మర్చిపోతున్నానే అని పిల్లాడిలా ఏడుస్తాడత్తా! ఫొటో చూపిస్తే ఇది కాదు, ఇలా ఉండేది కాదు అంటాడు. నిన్న ఈ బొమ్మ ఇంటికి తెచ్చి ఎదురుగా పెట్టుకుని, ఇదిగో, దొరికింది అన్నాడు. ఆ దొరికినదాన్ని ఆయనచేతే కడిగిస్తావా? నీకేం అన్యాయం చేశాడని?"

"మీ నాన్ననే అడుగు. నా బొమ్మ ఎవరు కడిగారో అడుగు. అప్పుడు నాకోసం ఎవరైనా ఇలా లేచి నిలబడ్డారా? మా అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తూ ఊరుకుంది!" టీచరమ్మ చేత్తో తొట్టి అంచు చరిచింది. "ఈ పాఠం ఏడు దేశాలకి చెప్పాను. అసలు చెప్పాల్సినవాడికి ఇవాళ చెబుతున్నాను. తప్పా?"

మేనకోడలు తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, బొమ్మ తీసుకో. ఇంటికెళ్దాం పద."

"నువ్వు ఊరుకోమ్మా" అన్నాడు మాస్టారు. చేతికర్ర బల్లకి ఆనించి, కాగితం రెండు చేతులతో పట్టుకుని, కాలీడ్చుకుంటూ తొట్టి దగ్గరికొచ్చాడు. "ఎంతసేపు పట్టుకోవాలి టీచర్?"

"అంతా పోయేదాకా" అని టీచరమ్మ కుళాయి పూర్తిగా తిప్పేసింది.

నీళ్ళు కాగితం మీద పడి చిందాయి. ముందు జుట్టు పోయింది, గోధుమరంగు నీళ్ళు తొట్టిలోకి జారాయి. తర్వాత బుగ్గ. చిట్లించిన కళ్ళు మసకబారాయి. నాలుక కొస ఎర్రగా ఒక్క క్షణం నిలిచి అదీ పోయింది. మాస్టారి కుడిచెయ్యి వణికిపోతోంది, అయినా కాగితం వదల్లేదు. వెనక ఎవరో వెక్కుతున్నారు. టీచరమ్మ ఆయన మొహం కేసే చూస్తూ నిలబడింది. ఈ నిమిషం ఎలా ఉంటుందో ఎన్నిసార్లు ఊహించుకుందో లెక్కలేదు. ఏ హోటల్ గదిలో ఒంటరిగా ఉన్నా, ఏ విమానం కోసం కాచుకున్నా ఇదే తలుచుకునేది. తీరా వచ్చాక ఆవిడకి కుళాయి చప్పుడు తప్ప ఇంకేమీ తెలియడం లేదు.

"దుప్పటి ముందు పోయింది" అన్నాడు మాస్టారు, నీళ్ళలోకే చూస్తూ.

"ఏం దుప్పటి?"

"నీ బొమ్మలో. అమ్మ దుప్పటి ఆరేస్తోంది. మొహం కనపడదు, దుప్పటి చాటున ఉంది. పైన రెండు చేతులే కనిపిస్తాయి. ఎడమచేతి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. ఆ వారం కత్తిపీటకి వేలు తెగింది కదా అమ్మకి. కింద చెప్పులు. ఒకటి తిరగబడి ఉంది." ఆయన కాగితం కాస్త వంచాడు. "చెప్పులు ఎంతకీ పోలేదు. నీలంరంగు వేశావు వాటికి."

వేలికి గుడ్డ సంగతి టీచరమ్మకే గుర్తులేదు. ఎన్నోసార్లు ఆ బొమ్మని మళ్ళీ వెయ్యబోయి, ఏదో తక్కువైందని చింపేసింది. ఆ తక్కువైనది అన్నయ్య దగ్గరుంది.

"నువ్వు చూడనే లేదనుకున్నాను" అంది. "ఏదో పిచ్చి కాగితం అనుకుని కడిగేశావనుకున్నాను."

"చూశాను. ఆ సాయంత్రం నువ్వు అలిసిపోయి నిద్రపోతుంటే గంటసేపు కూర్చుని చూశాను."

"మరెందుకు కడిగావు?"

"బాగుంది గనక." ఆయన మొహం తిప్పుకోలేదు. "బాగోకపోతే నవ్వి ఊరుకునేవాణ్ణి. అది చూడగానే తెలిసిపోయింది, నువ్వు ఈ ఇంట్లో ఉండవని. నాన్న పోయాక నేను మూడు ట్యూషన్లు చెప్పి చస్తుంటే, నీకు మాత్రం ఇంకో లోకం ఉందని. కుళ్ళుకున్నాను చిన్నీ. పెద్దరికం కాదు, క్రమశిక్షణా కాదు. కుళ్ళు. ఇన్నాళ్ళూ చెప్పడానికి మొహం చెల్లలేదు. ఇవాళ నువ్వు కడిగిస్తే లెక్క సరిపోతుందనుకున్నాను. సరిపోయేది కాదని కాగితం తడిశాక తెలిసింది."

బాగుంది గనక. నిన్న మధ్యాహ్నం ఆ వణుకుడు గీతల ముందు నిలబడి తను అనుకున్నది ఇదే మాట. ఒక్క పొల్లు తేడా లేదు. ఏ మనిషిని ఇన్నేళ్ళు అసహ్యించుకుందో అచ్చం ఆ మనిషిలాగే, కుళాయి మీద చెయ్యేసి నిలబడి ఉంది. టీచరమ్మ గబుక్కున కుళాయి కట్టేసింది. కాగితం ఆయన చేతుల్లోంచి తీసుకుని బల్లమీద పరిచి, తువ్వాలు ముక్కతో నీళ్ళు అద్దింది. కంటిచివర, మెడ దగ్గర, భుజం పక్కన కాస్త కాస్త మిగిలింది. సగం వదిన.

"అయ్యో, ఏం చేశాను నేను!" అని ఆవిడ అందరి ముందూ భోరుమంది. మాస్టారు పనిచేసే ఎడమచెయ్యి చెల్లెలి తలమీద వేసి, తనూ ఏడ్చాడు. మేనకోడలికి ఇద్దరిలో ఎవరిని పట్టుకోవాలో తెలియక ఇద్దరినీ పట్టుకుంది.

"కూర్చో అన్నయ్యా" అంది టీచరమ్మ కాసేపటికి ముక్కు చీదుకుంటూ. "ఆరనిద్దాం. ఆరాక దీనిమీదే వేద్దాం. నువ్వు చెప్పు, చెయ్యి నేను పట్టుకుంటాను. వదిన చెవి దగ్గర పుట్టుమచ్చ ఉండేది, నువ్వు మర్చిపోయావు."

"కుడిచెవి కాదూ?"

"ఎడమ. నాతో వాదించకు, నేను టీచర్ని."

మాస్టారు ఏడుపులోనే నవ్వాడు. టీచరమ్మ మిగతావాళ్ళ వైపు తిరిగింది. ఎనిమిది మందీ తమ బొమ్మల్ని గుండెలకి పొదువుకుని కూర్చున్నారు.

"ఇవాళ ఎవరూ కడగక్కర్లేదు. ఎవరి బొమ్మ వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళండి. ఇంకెప్పుడూ, ఎక్కడా ఎవరిచేతా కడిగించను."

అందరూ ఊపిరి తీసుకున్నారు, ఒక్క కళ్ళజోళ్ళ షాపావిడ తప్ప. ఆవిడ తల వంచుకుని చాలాసేపు తువ్వాలు ముక్క మడతపెడుతూ ఉండి, మెల్లగా అడిగింది.

"మరి పోయినసారి నేను కడిగేసిన కిటికీ, మేడమ్?"

ఏడు దేశాలు. ఏడాదికి ఎంతమందో. కళ్ళు తుడుచుకునేవాళ్ళని చూసి పాఠం అర్థమైందనుకుంది టీచరమ్మ. అన్నయ్య ఒక్కడిచేత చేయించాలనుకున్నదాన్ని, ఆయన ఎదురుగా లేడని, కనపడిన ప్రతివాళ్ళచేతా చేయించింది.

ఆవిడ కుర్చీ లాక్కుని షాపావిడ ఎదురుగా కూర్చుంది.

"నన్ను క్షమించండి" అంది. "ఆ కిటికీ ఎలా ఉండేదో చెబుతారా?"