బీక్యా అంగీకి కుట్టిన లేబుల్

తెలంగాణ సమ్మె రోజులు, బస్సుల్లేవు. మానుకోట దగ్గరి తండా నుంచి రుక్కి రైలెక్కి జనగామలో దిగి, డిటెక్టివ్ లక్ష్మీకాంత్ గదికి వచ్చింది.

"నా మొగడు బీక్యా భూపాలపల్లి వెల్డింగ్ షెడ్డుల కాలి సచ్చిండు సారూ. తెలంగాణ కోసం కాల్చుకున్నడని ఓనరు జగన్మోహన్ దండలేసి సభ వెట్టిండు. అబద్ధం! అదే పొద్దుగాల ఫోన్ల బిడ్డకు చెప్పులు తెస్తనన్నడు. గిప్పుడు నన్ను నోర్మూసుకొమ్మంటుండ్రు."

దవాఖానవాళ్లిచ్చిన మూట విప్పింది. ఓనరు పనివాళ్లకిచ్చే అంగీలో మిగిలింది కాలర్ ఒక్కటే. దాని లేబుల్ మీద ఉంది: నూరు శాతం కాటన్, వేడి ఇస్త్రీ చేయవచ్చు.

సహాయకురాలు మనోరమ వాసన చూసింది. "పెట్రోలు లేదు సార్."

కాలిన అంచు గట్టి నల్లపూసల్లా ముద్దకట్టింది. లక్ష్మీకాంత్ లేబుల్ కుట్టును చూశాడు, రుక్కి రవిక మీది అద్దాల కుట్టునూ చూశాడు.

"తండాల ఏం పని జేస్తవక్కా?"

"పత్తి ఏరుత. ఆడోళ్లమంత అంగీల కాలర్లకు గిసొంటి చీటీలు గుడుతం. ప్రతాపని ఒకాయన తెస్తడు. ఎవరి సరుకో చెప్పడు."

మర్నాడు లక్ష్మీకాంత్, మనోరమ రుక్కిని జీపులో భూపాలపల్లి షెడ్డుకు తీసుకెళ్లారు. అక్కడ అందరూ ఉన్నారు: ఎస్సై, కార్మికులు, స్టోర్ కీపరు, ఉద్యమ కండువా కప్పుకున్న జగన్మోహన్.

"అమరుని ఇల్లాలిని గిట్ల తిప్పుతరా?" అన్నాడు జగన్మోహన్.

లక్ష్మీకాంత్ స్టోరులోని కొత్త అంగీకి అగ్గిపుల్ల గీశాడు. బట్ట కరిగి బొట్టుబొట్టుగా కారింది.

"నూలైతే బూడిదయితది. గిది చవక పాలిస్టర్. నిప్పురవ్వ పడితే ఒంటికి అంటుకుంటది. బట్టల ఏముందో నిజం రాయాలని సర్కారు రూలుంది. నువ్వు అబద్ధం కుట్టించినవ్."

"మిల్లోళ్ల తప్పు!"

"మిల్లుల మిషన్ కుడుతది. గిది చేతికుట్టు, తండా ఆడోళ్లు అద్దాల చుట్టు వేసేది."

రుక్కి స్టోర్ కీపరును వేలెత్తి చూపింది. "గీయనే ప్రతాపు! చీటీలు తెచ్చెటోడు!"

జగన్మోహన్ నవ్వాడు. "మరి కుట్టిందెవరే? ఎస్సై ముందట చెప్పు. కేసుల ముందు నీ పేరే ఎక్కుతది."

ఆమె ఒప్పుకోకపోతే కేసు నిలవదు. ఆ కుట్టు ఆమెదేనని, ఒప్పుకోవాల్సి వస్తుందని జనగామలోనే తెలిసినా లక్ష్మీకాంత్ ఆమెకు చెప్పలేదు. మనోరమ అతని వైపు అసహ్యంగా చూసింది.

రుక్కి తన చేతుల్ని చూసుకుంది.

"రాసుకో సారూ. నాకు చదువు రాదు. ఏం రాసుందో ఎరుక లేకుంట నేనే కుట్టిన. నా మొగడు కాల్చుకోలే, గీడు సంపిండు."

ఎస్సై పెన్ను తీశాడు. "ఎన్ని కుట్టినవ్?"

"గంపల కొద్ది. గీ పనోళ్ల ఒంటిమీదియి గవే అంగీలు. ముందుగాల విప్పించు సారూ, ఎనుక నన్ను తీస్కపో."