బ్రెడ్డమ్మ సైకిల్ షికారు

ఓడలో బ్రెడ్డమ్మకు అన్నిటికంటే నచ్చింది మంచం.

"సముద్రం చూద్దామని ఇంత దూరం వస్తే ఈవిడ మంచం దిగట్లేదు" అని పెద్దాయన, అంటే ఆమె భర్త, భోజనాల బల్ల దగ్గర పరిచయమైన ప్రతివాళ్ళకీ ఫిర్యాదు చేశాడు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. బేకరీ నుంచి సైకిల్ మీద ఇంటింటికీ బ్రెడ్డు, బన్నులు వేస్తూ వయసంతా చీకటితోనే లేచిన మనిషి ఆమె. ఆ వీధుల్లో పిల్లలు పెట్టిన పేరే బ్రెడ్డమ్మ. బేకరీ వాళ్ళు వ్యాను కొన్నాక పని మానేసింది. ఇప్పుడు గుండ్రటి కిటికీలోంచి ఎండ వచ్చి పాదాల మీద పడుతున్నా, దుప్పటి గడ్డం దాకా లాక్కుని హాయిగా పడుకుని ఉంది. మెలకువగానే ఉంది. లేవాల్సిన పని లేకపోవడంలోని సుఖం నిద్రపోతే ఎలా తెలుస్తుంది?

"ఏవండీ, ఓడ ఆగినట్టుంది" అంది కళ్ళు తెరవకుండానే.

"ఆగింది. లే, అమ్మాయి వచ్చేస్తుంది. ఇవాళ నీకు..." అని పెద్దాయన నాలిక కరుచుకున్నాడు.

"ఇవాళ నాకేంటి?"

"ఏం లేదు. ఇవాళ నీకు కాస్త ఎండ తగులుతుందంటున్నా."

అబద్ధమాడటం ఆయనకు పెళ్ళయిన కొత్తలోనే చేతకాలేదు. ఈ వయసులో కొత్తగా ఏం వస్తుంది? ఆమె నవ్వుకుని అటు తిరిగి పడుకుంది.

అంతలో తలుపు దబదబలాడింది. కూతురు తలమీద టోపీతో, చేతిలో ఇంకో రెండు టోపీలతో లోపలికి వచ్చింది. ఆసుపత్రిలో నర్సులకు డ్యూటీలు వేయడం ఆమె ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం ఆగదు. వెనకే నీళ్ళ సీసాలు మోసుకుంటూ అల్లుడు, వాటి మధ్యలోంచి దూరుకుంటూ మనవరాలు చిట్టి.

"అమ్మా, ఇంకా పడకేనా! బూట్లు వేసుకో. నాన్నా, ఈ టోపీ నీది. ఏవండీ, చిట్టికి క్రీము రాశారా? సాయంత్రానికల్లా మళ్ళీ ఓడెక్కాలి, కానివ్వండి."

"ఎక్కడికే?" అంది బ్రెడ్డమ్మ.

"చెప్పను. నీకు ప్రపంచంలో అన్నిటికంటే ఇష్టమైన చోటికి."

బ్రెడ్డమ్మ మంచం వంక ఒకసారి జాలిగా చూసుకుని లేచింది.

ఓడ మెట్లు దిగి రేవు గేటు దాటగానే రోడ్డు. రోడ్డు మొదట్లోనే బాడుగ సైకిళ్ళ షాపు. కూతురు వెనకనుంచి తల్లి కళ్ళు మూసి నాలుగడుగులు నడిపించుకుని వెళ్ళింది. చేతులు తీసి, "ఇప్పుడు చూడు!" అంది.

వరసగా సైకిళ్ళు. ఎర్రవి, పచ్చవి, చిన్నపిల్లలవి. అన్నిటికన్నా ముందు, హ్యాండిల్‌కు రిబ్బను కట్టించుకుని, బుట్టతో సహా ఒక నీలం సైకిల్.

"మళ్ళీ సైకిలెక్కిస్తున్నా నిన్ను! సముద్రం పక్కనే లైట్‌హౌస్ దాకా దారి ఉందట. అందరం కలిసి షికారు!"

బ్రెడ్డమ్మ నవ్వింది. బ్రెడ్డు మాడిందని వాకిట్లో నిలబెట్టి సతాయించిన వాళ్ళందరి ముందూ ఇన్నేళ్ళూ నవ్విన నవ్వు అది. ఆ నవ్వు వెనక సంగతి ఇంట్లోవాళ్ళకు తెలియదు కాబట్టి వాళ్ళు తేడా పట్టుకోలేదు.

అసలు తప్పెక్కడ మొదలైందంటే, పని మానేసిన రోజున. ఆ రోజు కూతురూ అల్లుడూ సైకిల్ ఆకారంలో కేకు చేయించారు. ఆమె మురిసిపోయినట్టు కనిపించింది. దాంతో తర్వాతి పుట్టినరోజుకు సైకిల్ బొమ్మ ఉన్న గోడ గడియారం, ఆ తర్వాత సైకిల్ బొమ్మ కుట్టిన దిండు గలీబు, సైకిల్ బొమ్మ ఉన్న టీ కప్పులు వచ్చాయి. ఒకసారి నవ్వాక ఆ నవ్వును వెనక్కి తీసుకోవడం ఎలాగో ఆమెకు తెలియలేదు. ఇల్లంతా సైకిళ్ళతో నిండిపోయింది.

"సీటు ఎత్తు సరిపోయిందా అమ్మా?" అంది షాపావిడ.

బ్రెడ్డమ్మ జవాబు చెప్పేలోపే ఆమె చేతులు వాటంతటవే కదిలాయి. బొటనవేలితో టైరు నొక్కింది, వెనక బ్రేకు లాగింది, పెడల్‌ను కాలితో ఒకసారి తిప్పి చెయిను చూసింది. "చూశారా, చేతులు మర్చిపోలేదు!" అని కూతురు మొగుడి భుజం గుద్ది మరీ సంబరపడింది.

బయలుదేరారు. చిట్టిని వెనక సీట్లో కట్టుకుని అల్లుడు, పడుతూ లేస్తూ పెద్దాయన, అందరికీ దారి చెబుతూ కూతురు. బ్రెడ్డమ్మ మాత్రం పెడల్ మీద కాలు పెట్టిందే తడవుగా కనుచూపు మేర దాటిపోయింది. ఎడమవైపు సముద్రం మెరిసిపోతోంది. ఆమె చూపు రోడ్డు మీదినుంచి పక్కకు కదల్లేదు. గుంత, రాయి, కుక్క, మలుపు. మలుపు దగ్గర కుక్క లేచి నిలబడేసరికి ఆమె దాన్ని దాటేసింది కూడా.

వాళ్ళు ఆపసోపాలు పడుతూ లైట్‌హౌస్ చేరేసరికి, ఆమె సైకిలుకు స్టాండు వేసి, తాళం కూడా వేసి, చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"అయిపోయింది కదా. ఇచ్చేసి ఓడకి వెళ్దామా?"

కూతురి ముఖంలో రంగు మారింది.

"అయిపోవడమేంటమ్మా? ఇదేమన్నా డ్యూటీనా? కబుర్లు చెప్పుకుంటూ మెల్లగా వద్దామనుకున్నాం. నువ్వు వెనక్కి తిరిగి ఒక్కసారి కూడా చూడలేదు."

"మెల్లగా తొక్కడం నాకు రాదే."

"ఓడ ఇక్కడ ఆగుతుందని తెలిసిన రోజునుంచీ ఈ షికారు గురించే కలలు కంటున్నా. ఫోన్ చేసి ఆ నీలం సైకిలే ఉంచమని బతిమాలాను. నీకేమో ఎప్పుడెప్పుడు వదిలించుకుందామా అని ఉంది! ఏం చేస్తే నీకు సంతోషమో నాకు ఈ జన్మకి అర్థం కాదు."

"అత్తయ్యగారికి ఎండకి కాస్త..." అన్నాడు అల్లుడు.

"మీరు ఆగండి."

ఆయన ఆగడమే కాదు, చిట్టి చెయ్యి పట్టుకుని, "పద, పడవలు చూద్దాం" అని అక్కడినుంచి మెల్లగా జారుకున్నాడు.

బ్రెడ్డమ్మ గట్టు మీద కూర్చుంది. ఇన్నాళ్ళూ గొంతు దాకా వచ్చి ఆగిపోయిన మాట ఒకటుంది. చెబితే కూతురు ప్రాణంలా దాచుకున్నదేదో తన చేత్తోనే లాక్కున్నట్టు అవుతుందని భయం. చెప్పకపోతే, ఇక బతికినన్నాళ్ళూ సైకిళ్ళే.

"నాకు సైకిలంటే ఇష్టం లేదే" అంది.

"ఏంటీ?"

"ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు. వానొస్తే నా మీది కోటు తీసి బ్రెడ్డు మీద కప్పేదాన్ని. చలికాలం వేళ్ళు కొంకర్లు పోయి బ్రేకు అందేది కాదు. వ్యాను కొన్న రోజు అందరూ పాపం పాపం అన్నారు. నేను ఇంటికొచ్చి తలుపేసుకుని నవ్వుకున్నాను. కావాలంటే మీ నాన్నని అడుగు."

"నవ్వింది" అన్నాడు పెద్దాయన, నేరం ఒప్పుకున్నట్టు. "నేను చూశాను."

"మరి కేకు కోసినప్పుడో?"

"అంత ప్రేమగా చేయించారు. మొహాన ఎలా చెప్పనే?"

కూతురు ఆమె పక్కన కూలబడింది. కోపం ఎటుపోయిందో పోయింది, గొంతు సన్నబడింది.

"మరి నేను? నన్ను ముందు చిన్న సీట్లో కూర్చోబెట్టుకుని దారంతా పాటలు పాడేదానివి. వెనకనుంచి వేడి బ్రెడ్డు వాసన వచ్చేది. చిన్నతనం అంటే నాకు గుర్తొచ్చేది అదేనమ్మా. నీ అంత సంతోషంగా ఉండేవాళ్ళు ఎవరూ లేరనుకునేదాన్ని. అది కూడా అబద్ధమేనా?"

బ్రెడ్డమ్మ కూతురి వైపు తిరిగింది.

"మీ నాన్నకి మిల్లులో రాత్రి డ్యూటీ. నిన్నొక్కదాన్నే ఇంట్లో వదిలి వెళ్ళలేక, నిద్రలోంచి లేపి సైకిల్ మీద కూర్చోబెట్టేదాన్ని. నీ తల అలా వాలిపోతూ ఉండేది. నిద్రలోకి జారుకుంటే కింద పడిపోతావని పాడేదాన్ని. నీచేత కూడా పాడించేదాన్ని, నోరు ఆడుతుంటే కళ్ళు మూతపడవని. మలుపు మలుపుకీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తొక్కేదాన్ని."

పెద్దాయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆ భయం సంగతి ఆయనకు కూడా కొత్తే.

"నాకెందుకు తెలియలేదమ్మా?"

"తెలియకూడదనే కదే పాడింది."

కూతురు వెక్కి వెక్కి ఏడ్చింది. బ్రెడ్డమ్మ కంగారుపడి ఆమె తలను ఒళ్ళోకి లాక్కుంది.

"ఇదిగో, ఇందుకే చెప్పలేదు. నీకు మంచి జ్ఞాపకం, దాన్ని నువ్వు అలాగే ఉంచుకో. అందులో నేనేం నటించలేదు. నాకు నువ్వంటే ఇష్టం. సైకిల్ ఊరికే మధ్యలో ఉండేది, అంతే."

ఏడుపులోంచే కూతురికి నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుని లేచి కూర్చుంది. ఆమె మనసులో ఒక్కటే తిరుగుతోంది. రోజూ నర్సులందరినీ ఎవరికి ఏ వేళ కుదురుతుందో అడిగే డ్యూటీలు వేస్తుంది. తల్లిని మాత్రం ఏనాడూ అడగలేదు.

"నిజం చెప్పమ్మా. ఇప్పుడు నీకేం చెయ్యాలని ఉంది?"

బ్రెడ్డమ్మ ఆలోచించింది.

"ఏమీ చెయ్యాలని లేదే. ఎవరైనా తిప్పుతుంటే ఊరికే కూర్చుని చూడాలని ఉంది."

తిరుగుదారంతా సైకిళ్ళు నడిపించుకుంటూ వచ్చారు. బ్రెడ్డమ్మది, తనది కలిపి చెరో చేత్తో పట్టుకున్న అల్లుడు రెండుసార్లు చెట్టుకు గుద్దుకున్నాడు. బ్రెడ్డమ్మ చేతులూపుకుంటూ నడిచింది.

షాపు ముందు, సామాన్లకూ పిల్లలకూ వాడే సైకిల్ ఒకటి ఉంది. దానికి ముందువైపు పెద్ద చెక్కపెట్టె, రెండు చక్రాలు.

"దీంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టొచ్చా?" అంది కూతురు.

షాపావిడ బ్రెడ్డమ్మను కింది నుంచి పైదాకా చూసింది. "పోయిన వారం ఒకాయన దీంట్లో ఫ్రిజ్ తీసుకెళ్ళాడమ్మా. ఈవిడెంత?"

లోపల మెత్త పరిచారు. బ్రెడ్డమ్మ సిగ్గుపడుతూ ఎక్కి, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. "అందరూ చూస్తారే" అంది. "చూడనీ" అంది కూతురు. మిగతావాళ్ళు తమ సైకిళ్ళ మీద పక్కనే బయలుదేరారు. తొక్కడం మొదలుపెట్టగానే కూతురికి ఆయాసం వచ్చింది. ముందునుంచి సలహాలు కూడా మొదలయ్యాయి.

"బ్రేకు మీద వేళ్ళుంచు. అదిగో గుంత."

"నువ్వు దారి చూడకమ్మా. పక్కలకి చూడు."

"అలవాటు లేదే."

"అలవాటు చేసుకో."

బ్రెడ్డమ్మ తల తిప్పింది. మేడమీద ఎవరో కుండీలకు నీళ్ళు పోస్తున్నారు. ఆరేసిన బట్టలు గాలికి ఊగుతున్నాయి. మెట్ల మీద ఒక పిల్లి ఒళ్ళు విరుచుకుంటోంది. ఇళ్ళకు గేట్లే కాదు, గేట్ల పైన కిటికీలు, కిటికీల్లో మనుషులు కూడా ఉంటారని ఆమె తీరిగ్గా చూసింది. ఒక ముసలాయన చెయ్యి ఊపితే తనూ ఊపింది. "ఏవండీ, ఆ ఇంటి రంగు చూడండి! ఆ నీళ్ళు చూడండి!" అని పెద్దాయనను పిలిచి పిలిచి చూపించింది. కాసేపటికి పిలుపులు ఆగిపోయాయి.

కూతురు వంగి చూసింది. తల్లి తల పక్కకు వాలిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. నడిమధ్యాహ్నం, నడిరోడ్డు మీద, ఒళ్ళు మరిచి నిద్ర. పెట్టెకు చుట్టూ చెక్క ఉంది, పడిపోయే భయం లేదు.

తండ్రి వెనకనుంచి చిట్టి చెయ్యి చాచి గంట కొట్టబోతే కూతురు తల అడ్డంగా ఊపి ఆపింది. అల్లుడు పక్కకు వచ్చి, "షాపు ఇటు. ఇక్కడే తిరగాలి" అన్నాడు గుసగుసగా. ఆమె తిరగలేదు. పిక్కలు లాగేస్తున్నా, సముద్రం పక్క దారిలోకే మళ్ళీ మెల్లగా పోనిచ్చింది. కళ్ళలో నీళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"అమ్మా, అమ్మమ్మ ఎప్పుడు లేస్తుంది?" అంది చిట్టి.

"లేవాలనిపించినప్పుడు" అంది కూతురు.