వాపసు రాని చీటీ

ఓర్వకల్లు దాటినాక, రాతిగుట్టల నడుమ ఊరికి దూరంగా ఒక సబ్‌స్టేషన్ ఉంది. చుట్టూ ఇనుప కంచె. లోపల యార్డంతా నల్ల కంకర. మధ్యలో ఏనుగంత ట్రాన్స్‌ఫార్మరు రేయింబవళ్లు ఒకే తీరున గుమ్మని మోగుతూ ఉంటుంది. ఆపరేటరు మీరా హుస్సేన్‌కు ఆ మోత తప్ప వేరే తోడు లేదు. భార్య పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఉన్నా ఒక్కడే, డ్యూటీలో ఉన్నా ఒక్కడే. కనీసం ఇక్కడ ఏదో ఒకటి మోగుతుంటుంది కదా అని, పండగలనాడు కూడా పక్కవాళ్ల డ్యూటీ అడిగి చేసేవాడు.

పద్ధతి గల మనిషి. బీడీ ముట్టడు, అబద్ధమాడడు అని పేరు. ఆపిన లైను చెప్పిన నిమిషానికి వేయకపోతే ఆయనకు అన్నం సహించదు.

ఆ వేసవి సాయంత్రం పైఆఫీసు నుంచి ఒక మెసేజి వచ్చింది. సూర్యుడి మీద తుఫాను లేచిందట. అది భూమికి తగిలితే నేలలోంచి కరెంటు పారి, ఎర్తు తీగల గుండా ట్రాన్స్‌ఫార్మర్లలోకి ఎక్కుతుందట. కనిపెట్టి ఉండమన్నారు. డ్యూటీ దిగి పోతున్న గోపీనాథ్ నవ్వాడు. "మన ఎండలకన్నా పెద్ద తుఫాను యాడుంటాది సార్" అని బండెక్కి పోయాడు.

గుట్టల వెనక వెలుగు ఆరింది. మీరా హుస్సేన్ నమాజు ముగించి చాప మడుస్తుండగా మోత మారింది.

మొదట సన్నగా. తర్వాత గొంతులో కఫం అడ్డుపడిన ముసలివాడు మూలిగినట్టు. మీటర్లలో ముళ్లు వణికాయి. కిటికీ అద్దాలు గిలగిల కొట్టుకున్నాయి. కాగిన నూనె వాసన గదిలోకి వచ్చింది. అంతలో ఢామ్మని బ్రేకరు పడిపోయింది. గుట్టల అవతల ముప్పై ఊళ్ల దీపాలు ఒక్కసారిగా పోయాయి.

నిశ్శబ్దం. ఇన్నేళ్ల డ్యూటీలో ఆ యార్డు మోగకుండా ఉండటం ఆయన ఎరగడు.

ఎమర్జెన్సీ దీపం వెలిగించాడు. సెల్‌ఫోనులో సిగ్నలు లేదు. టార్చి పట్టుకొని ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ తిరిగి చూశాడు. నూనె చల్లబడుతోంది, పగుళ్లు లేవు. ఇక మళ్లీ లైను వేయడమే మిగిలింది. వేసేముందు చూడాల్సింది ఒకటుంది. లైను మీదికి మనిషి ఎక్కాలంటే ఆపరేటరు దగ్గర లైన్ క్లియర్ చీటీ తీసుకోవాలి. దిగినాక ఆ చీటీ తనే తెచ్చి, పుస్తకంలో వాపసు సంతకం పెట్టాలి. ఆ సంతకం పడేదాకా ఎవరు చెప్పినా లైను వేయకూడదు. పుస్తకం తెరిచి చూశాడు. ఈరోజు ఎవరికీ చీటీ ఇవ్వలేదు. పైన ఎవరూ లేరు.

స్విచ్చి మీద చెయ్యి వేశాడు.

ఫోను మోగింది.

సెల్‌ఫోను కాదు. గోడకున్న నల్లటి పాత ఫోను. కరెంటు తీగల మీదే మాటలు పోయే కాలం నాటిది. బ్యాటరీలు పీకేసి పదేళ్లు దాటింది. దాని మీద దుమ్ము కూడా కదల్లేదు... కానీ మోగుతోంది.

ఎత్తాడు. ఇసుక రాలుతున్నట్టు చప్పుడు. దాని వెనక, ఎక్కడో దూరాన, ఒక గొంతు.

"సార్... వెయ్యొద్దు."

"ఎవరప్పా?"

"నేనింకా పైనే ఉండా సార్. చీటీ ఇయ్యలే కదా."

రిసీవరు చేతిలో చల్లబడింది. ఆ గొంతు ఆయనకు తెలుసు. లైన్‌మన్ యేసుప్రసాద్‌ది. అతను చనిపోయి నాలుగేళ్లయింది.

అప్పుడూ ఇదే లైను. ఆరున్నరకు కరెంటు ఇస్తామని ఊళ్లకు చెప్పి ఆపిన లైను. ఆరూ నలభై అయినా యేసుప్రసాద్ చీటీ తేలేదు. మరిచిపోయి ఇంటికి పోయుంటాడనుకున్నాడు మీరా హుస్సేన్. పది నిమిషాల ఆలస్యం ఆయన మనసుకు ముల్లులా గుచ్చుకుంది. లైను వేశాడు. పైన మనిషి ఉన్నాడు. జేబులోని చీటీ అతనితోపాటే కాలిపోయింది. విచారణకు వస్తారని తెలిసి, ఆ రాత్రే, వాపసు గడిలో చచ్చినవాడి సంతకం తానే గీశాడు. టైము ఆరూ ముప్పై అయిదని రాశాడు. చీటీ ఇచ్చి మళ్లీ ఎందుకో ఎక్కాడు, తప్పు అతనిదే అన్నారు అందరూ. అబద్ధమాడడని పేరున్న మనిషి మాట కదా. యేసుప్రసాద్ భార్య స్వర్ణలత మాత్రం ఒకసారి గేటు దాకా వచ్చి, మా ఆయన చీటీ లేకుండా ఎక్కే మనిషి కాదు సార్ అని చెప్పి వెళ్లిపోయింది.

మీరా హుస్సేన్ స్విచ్చి మీది చెయ్యి తీసేశాడు. కుర్చీలో కూర్చున్నాడు. ఆ దీపం వెలుగులో ఒక్కడే, అరగంట.

బయట బండి ఆగింది. వచ్చింది లైన్‌మన్ భూపేష్. ఒళ్లంతా చెమట. ఊరి పక్క స్తంభం మీద తీగను మోసే పింగాణీ పగిలిందట. ఊళ్లన్నీ చీకటి, ఫోను కలవదు, లైనులో కరెంటు లేదు కదా అని చీటీ లేకుండానే ఎక్కేశాడట. మీరా హుస్సేన్ కూజా అతని ముందుకు జరిపాడు. తాను చెయ్యి తీయకపోయుంటే ఈపాటికి...

భూపేష్ కూజాలో నీళ్లు తాగి, గొంతు తగ్గించి అడిగాడు.

"సార్, ఇంకొకాయప్పను మీరే పంపిచ్చినారా?"

"ఎవర్ని?"

"నాకన్నా పైన కూచోనుండె. మొగం కనపల్లే. దిగప్పా పోదాం అంటి. నా చీటీ ఇంకా నా దగ్గరే ఉండాది, సార్ నిజం రాస్తే దిగుతా అన్యాడు."

మీరా హుస్సేన్ బీరువా వైపు చూశాడు. మళ్లీ చెప్పేదాకా ఎవర్నీ ఎక్కనివ్వొద్దని, ఊళ్లో చెప్పి రమ్మని భూపేష్‌ను పంపించాడు. అతను గేటు మూసి తాళం వేసుకొని పోయాడు.

బీరువాలోంచి నాలుగేళ్ల కిందటి పుస్తకం తీశాడు. ఆ పేజీ వెతకనక్కర లేకపోయింది, వేళ్లకు తెలుసు. దొంగ సంతకాన్ని, దాని పక్కనున్న తన సంతకాన్ని అడ్డంగా కొట్టేశాడు. కింద కొత్త వరుసలో రాశాడు. "చీటీ వాపసు రాలేదు. మనిషి పైన ఉండగా లైను నేనే వేసినాను." పెన్ను మూత పెట్టి, పుస్తకం మీద ఉంచాడు.

పాత ఫోను ఒక్కసారి మోగి ఆగింది. ఎత్తి చెవిన పెట్టుకున్నాడు.

గొంతు లేదు. ఇనుము మీద బూటు చప్పుడు. ఒక్కొక్క అడుగూ... కిందికి. దిగుతున్నాడు. చివరి అడుగు నేల మీద పడింది. తర్వాత నడక. నడక కింద కంకర నలుగుతోంది. భూపేష్ ఎక్కిన స్తంభం దగ్గర ఉన్నది ఎర్రమట్టి. కంకర ఉన్నది ఈ యార్డులోనే.

రిసీవరు కింద పెట్టాడు. చప్పుడు ఆగలేదు.

కిటికీ దాటింది. తలుపు దగ్గరకు వచ్చింది. దీపం వణికి ఆరిపోయింది. కాలిన తోలు వాసన. బల్లకు అవతల ఎవరో నిలబడి ఊపిరి తీసుకున్నట్టు... ఆయన కళ్లు మూసుకున్నాడు.

ఎంతసేపో తెలియదు. మెల్లగా టార్చి వెలిగించాడు. గదిలో ఎవరూ లేరు. పుస్తకంలో, ఆయన రాసిన వరుస పక్కన, వాపసు గడిలో యేసుప్రసాద్ సంతకం ఉంది. సిరా ఇంకా తడిగానే ఉంది. దాని కింద టైము. ఆరూ నలభై అయిదు.

ఇంకొక్క అయిదు నిమిషాలు ఆగి ఉంటే.

ఆ పక్కన, చీటీ వాపసు తీసుకున్న ఆపరేటరు సంతకం గడి ఖాళీగా ఉంది. పెన్ను మూత తీసి, ఆయన వైపుకు తిప్పి పెట్టి ఉంది.