వంకాయ రంగు చుక్క

"కదలరా బస్తా!"

కెప్టెన్ అరుపుకి గుట్ట మీది పిట్టలు చెల్లాచెదురుగా లేచిపోయాయి.

కటిక చీకటి. కాలు పెడితే జారే రాళ్ళు. రెండు హెడ్‌ల్యాంపులు ఊగుతూ పైకి ఎక్కుతున్నాయి. ముందు కెప్టెన్, వెనక అతని బావమరిది. ఇద్దరి నడుములకీ మధ్య ఒక రబ్బరు తాడు.

బస్తా అని పేరు పెట్టింది కెప్టెనే. మనిషికి ముప్పై ఏళ్ళు... నడక మాత్రం నత్తకి చిన్న తమ్ముడు!

"ఆగు బావా... ఆయాసం..."

"ఆయాసం తర్వాత పడు!"

తాడు బిగుసుకుంది. కెప్టెన్ ముందుకి వంగి ఎద్దులా లాగుతున్నాడు. వీపు మీద తన బ్యాగు. ఛాతీ మీద బస్తా బ్యాగు.

ఈ రేస్ తీరే అంత. నదిలో పడవ, మట్టి దారిలో సైకిలు, కొండ మీద నడక, చివర కొండ అంచు నుంచి తాడు మీద దిగుడు. టీంలో ముగ్గురు. ముగ్గురూ కలిసి గీత దాటితేనే గెలుపు. అందుకే నీరసంగా ఉన్నవాడి బరువు బలమైనవాడు మోస్తాడు. అవసరమైతే వాడినే తాడు కట్టి లాగుతాడు. ఏ టీంలోనైనా ఇదే పద్ధతి.

ఈ టీంలో బలమైనవాడు ఒక్కడే. ఆ మాట కెప్టెనే చెబుతుంటాడు. అద్దంలో చూసుకుంటూ కూడా చెబుతుంటాడు.

మూడో మనిషి పళ్ళ డాక్టర్. మ్యాప్ పట్టుకుని ఎప్పుడో ముందుకెళ్ళిపోయింది. 'పళ్ళు పీకడం తప్ప ఏమొచ్చు దీనికి?' అనుకుంటాడు కెప్టెన్. దారి మాత్రం ఆమె చూపించినట్టే నడుస్తాడు.

వెనక్కి తిరిగి చూశాడు.

గుట్ట కింద మూడు వెలుగులు! రెండో టీం!

వాళ్ళు వచ్చేలోపు అంచుకి చేరాలి. అక్కడ తను, బస్తా... ఇద్దరే ఉండాలి!

జేబు తడుముకున్నాడు. ఉంది. తాళాలగుత్తికి తగిలించుకునే హుక్కు. చూడ్డానికి అచ్చం కొండ ఎక్కేవాళ్ళ హుక్కులాగే ఉంటుంది. పక్కన సన్నటి అక్షరాలు మాత్రం వేరే మాట చెబుతాయి... 'బరువు వేయరాదు'.

పోయినేడు ఇలాంటిదే పెళ్ళాం నడుముకి తగిలించాడు. ఇదే కొండ. ఇదే అంచు.

అందరూ నమ్మారు. హడావుడిలో ఏది పడితే అది తగిలించుకుంది పాపం అన్నారు. కెప్టెన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఎన్నిసార్లు తుడుచుకోవాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాడు.

అంతా సద్దుమణిగింది అనుకుంటే ఈ దద్దమ్మ! నిన్న సామాన్ల తనిఖీలో అందరి ముందూ నోరు తెరిచాడు.

"బావా, అక్క అసలు హుక్కు ఏమైంది? ఎక్కడా దొరకలేదటగా?"

ఒక్క ప్రశ్న. అది చాలు.

వీడు కూడా అక్క దారే పట్టాలి! రేస్ పోతుంది. అదొక్కటే బాధ. ఒక మనిషిని చంపడానికి బయలుదేరిన కెప్టెన్‌కి ఆ రాత్రి కడుపులో ఉన్న దిగులల్లా చేజారబోయే గెలుపు కప్పు గురించే.

"బావా... ఇంకెంత దూరం?"

"నోరు ముయ్!"

బస్తా నోరు మూసుకున్నాడు. అతని హెడ్‌ల్యాంప్ వెలుగు మాత్రం కెప్టెన్ నడుము మీదే పడుతోంది. సాయంత్రం నుంచీ అక్కడే పడుతోంది. తాడు కట్టి లాగించుకునేవాడు ఇంకెక్కడ చూస్తాడు!

అంచు!

గాలి ఈడ్చి కొట్టింది. ముందు ఇంకేమీ లేదు... పది అంతస్తుల లోతు. కింద రెండు దీపాలు. ఒకటి డాక్టర్‌ది, ఇంకోటి రేస్ వాళ్ళు పెట్టిన విజిల్ మనిషిది.

కెప్టెన్ బండకి చేయి ఆనించి నిలబడ్డాడు. రాత్రంతా రెండు బ్యాగులు, ఒక బావమరిది!

"రా ఇటు. నీ బెల్టు చూస్తాను."

దిగే ముందు ఒకరి బెల్టు ఇంకొకరు చూడాలి. అది రూలు. కెప్టెన్‌కి ప్రాణప్రదమైన రూలు. చేతులు చకచకా ఆడాయి. అసలు హుక్కు తీశాడు... జేబులోది తగిలించాడు... క్లిక్!

బస్తా ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డాడు. వాజమ్మ.

"అయింది. ఇప్పుడు నాది చూడు. త్వరగా!"

బస్తా ముందు ఇద్దరి నడుముల మధ్య తాడుని హుక్కుతో సహా విప్పాడు. తర్వాత కెప్టెన్‌కి ఎదురుగా వచ్చి, అతని ఛాతీ మీది బ్యాగు కింద నుంచి చేతులు పోనిచ్చాడు. ఏదో లాగాడు. ఏదో తిప్పాడు.

"ఏం చేస్తున్నావురా అంతసేపు?"

"పట్టీ వదులైంది బావా. బిగిస్తున్నా."

"నువ్వు బిగించేదేమిటి, నీ మొహం! జరుగు. దిగు నువ్వు."

బస్తా అంచు దాకా వెళ్ళాడు. కిందికి చూశాడు. అక్కడే చతికిలబడ్డాడు.

"నావల్ల కాదు బావా! అక్క పడింది ఇక్కడే కదా... నువ్వు ముందు దిగు. నీ వెనకే వస్తా. ఒట్టు!"

కెప్టెన్‌కి ఒళ్ళు మండింది. వెంటనే చల్లబడింది.

తను కింద ఉంటాడు. విజిల్ వాడి పక్కనే. బస్తా వాడంతట వాడే దిగుతాడు... వాడంతట వాడే పడతాడు! ఇంతకంటే ఏం కావాలి? చవట అయితే చవటే, చచ్చేటప్పుడైనా పనికొస్తున్నాడు!

"సరే ఏడు. నా వెనకే రావాలి!"

తాడు పట్టుకున్నాడు. వెనక్కి వాలాడు. పాదాలు బండకి ఆనించాడు. ఒక అడుగు... రెండు... మూడు...

"బావా!"

"ఏమిట్రా?"

"కదలకు. బ్యాగు కొంచెం పైకెత్తి చూసుకో."

గొంతు మారింది. ఆయాసం లేదు. ఏడుపు లేదు.

కెప్టెన్ ఒక చేత్తో తాడు బిగపట్టి, రెండో చేత్తో ఛాతీ మీది బ్యాగు అంచు ఎత్తాడు. వెలుగు నడుము మీద పడింది.

చిన్న హుక్కు. సన్నటి అక్షరాలు.

'బరువు వేయరాదు'!

మళ్ళీ చదివాడు.

"ఒరేయ్... ఇది..."

"నువ్వు నాకు పెట్టిందే బావా. ఇప్పుడేగా!"

"లాగు! పైకి లాగరా!"

"నేనా? బస్తాని కదా."

ఎక్కుదామని చూశాడు. చేతుల్లో సత్తువ లేదు. కాళ్ళు పీచులైపోయాయి. మోసిన ప్రతి బరువూ ఇప్పుడు లెక్క అడుగుతోంది.

పైన బస్తా అంచున మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. అలుపన్నది లేదు. ఆరు నెలలుగా ఈ నత్త నడకా, ఈ ఆయాసం... అంతా నాటకం!

"నీ వెనక ఉండాలనే నెమ్మదిగా నడిచాను బావా. నీ నడుము చూడాలని. చూశాను. అక్క నిన్నేం చేసింది? చెప్పు."

"పిచ్చెక్కిందా నీకు!"

చిన్న హుక్కు కిర్రుమంది. లేదా కిర్రుమన్నట్టు వినిపించింది. కెప్టెన్‌కి తేడా తెలియలేదు.

"చెబుతా! చెబుతా! వదిలేస్తానంది! నన్నూ, టీంనీ! డాక్టర్‌తో వేరే టీం పెడుతుందట! రేస్ మధ్యలో చెప్పిందిరా! మేం రెండో స్థానంలో ఉన్నాం అప్పుడు!"

"అందుకని?"

"అందుకని మార్చాను! హుక్కు మార్చాను! చాలా? పైకి లాగు!"

బండలు ఆ మాటని పట్టుకుని అటూ ఇటూ విసురుకున్నాయి. మార్చాను... మార్చాను... మార్చాను...



కెప్టెన్ తలెత్తాడు.

అంచున ఒక దీపం కాదు. నాలుగు! రెండో టీం ముగ్గురూ నోళ్ళు తెరుచుకుని వంగి చూస్తున్నారు.

కింద విజిల్ మోగింది. వాకీటాకీ బరబరమంది. "పోలీసుల్ని పిలవండి... అవును, అంతా విన్నాను!" ఆ వెంటనే డాక్టర్ గొంతు. ఏడుస్తోంది.

"కుట్ర!" కెప్టెన్ అరిచాడు. "వీడు నన్ను చంపుతున్నాడు! ఈ హుక్కు చూడండి!"

"ఆ చిన్న హుక్కా? అది ఊరికే ముందు తగిలించాను బావా. నీ ప్రాణం దాని మీద లేదు. ఇంకొంచెం ఎత్తు బ్యాగు."

ఎత్తాడు.

చిన్న హుక్కు వెనక ఇంకోటి. పెద్దది. తేలికైనది. బరువంతా దాని మీదే ఉంది. ఏడాదిగా తన నడుము వెనక లాగుడు తాడుకి వాడుకుంటున్నదే. పెళ్ళాం నడుము నుంచి తీసిన ఇంత మంచి సరుకు పారేయడానికి మనసొప్పలేదు. ఆమె గుర్తు కత్తితో గీకేశాడు. పీడా పోయింది అనుకున్నాడు.

"అందరూ సామాన్లకి రంగు టేపు చుడతారు. అక్క నెయిల్ పాలిష్ పెట్టేది. నువ్వు నవ్వేవాడివి, గుర్తుందా? హుక్కు తాళం మూత తిప్పి చూడకుండానే గీకేశావు."

తాళం మూత సగం తిరిగి ఉంది. దాని లోపలి గాడిలో, కత్తి చేరని చోట, వంకాయ రంగు చుక్క.

"రాత్రంతా నువ్వు లాగుతుంటే ఆ మూత తిరుగుతూ, చుక్క నా లైటుకి మెరుస్తూనే ఉంది."

కెప్టెన్ బ్యాగు అంచు వదిలేశాడు.

"అక్క హుక్కు గట్టిది బావా. నీ ప్రాణం మోస్తుంది. పోయినేడు అక్కది కూడా మోసేదే."

కింద రెండు దీపాలు కదలకుండా నిలబడి చూస్తున్నాయి.

"దిగు. నీ కోసం ఎదురుచూస్తున్నారు."