అక్క అనుమతి అడగడానికి వచ్చిన కోచ్

శనివారం ఉదయం హాంబర్గ్‌లో సన్నగా వాన పడుతోంది. గిరిజ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతోంది గానీ ఆమె చెవులు బాల్కనీ మీదే ఉన్నాయి. జీగెన్ యూనివర్సిటీలో మాస్టర్స్ చదువుతున్న తమ్ముడు శ్రీహర్ష నిన్న సాయంత్రం వచ్చిన దగ్గర్నుంచీ ఫోన్ పట్టుకుని అక్కడికే వెళుతున్నాడు.

"ఇంకా చెప్పలేదు కోచ్. అక్క ఒప్పుకోదు," అంటున్నాడు ఇంగ్లీషులో.

గిరిజ చేతిలో కత్తి ఆగింది. అమ్మ పోయాక వాణ్ని తనే పెంచింది. నెల రోజులుగా థీసిస్ సంగతి ఎత్తితే చాలు, మాట దాటేస్తున్నాడు.

"ఎవర్రా ఆ కోచ్?"

"మా యూనివర్సిటీల అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్‌కు కోచ్ అక్కా. మ్యాచ్ వీడియోలు చూసి అవతలోళ్ల ఎత్తులు రాసిస్త. ఇయ్యాల ఇక్కడే మ్యాచ్."

"దానికి దాచుడెందుకు? నీ చదువు మాన్పిస్తుండా?"

హర్ష జవాబు చెప్పేలోపే బెల్ మోగింది. తలుపు నిండా ఒక మనిషి. బూట్లు బయటే విప్పి, గిరిజ సోఫా చూపించినా నేల మీదే కూర్చున్నాడు. ఆమెకు అనుమానం ఇంకా పెరిగింది. ఇంత వినయం ఊరికే ఉంటుందా?

"నా పేరు సెమిసి. మాది టోంగా, పసిఫిక్‌లో చిన్న ద్వీపదేశం," అన్నాడాయన ఇంగ్లీషులో. "మా ఇళ్లల్లో అక్క మాటే పెద్ద. మీవాడు చదువు మానేసి నా దగ్గర ఉద్యోగంలో చేరతానన్నాడు. అక్కను అడగకుండా తీసుకోనన్నాను. నెలైనా మీకు చెప్పలేదని నేనే వచ్చాను."

గిరిజ తమ్ముడి వైపు చూసింది. వాడు తల దించుకున్నాడు.

"నేను పంతొమ్మిదేళ్లకు ఆట కోసం అమెరికా కాలేజీకి వెళ్లాను. మోకాలు పోయింది, డిగ్రీ వదిలేశాను. తర్వాత కోచ్ పనికి ఎక్కడికెళ్లినా డిగ్రీ ఏదన్నారు. మైదానంలో గీతలు గీశాను, జెర్సీలు ఉతికాను. ముప్పై ఎనిమిదేళ్లకు డిగ్రీ పూర్తి చేశాకే కోచ్‌నయ్యాను. చదువు వదలొద్దని మా అక్క ముందే చెప్పింది. వినలేదు. ఆ సిగ్గుతో ఇప్పటికీ ఫోన్ చెయ్యలేదు."

"ఎందుకు దాచినవ్‌రా?" అంది గిరిజ తమ్ముడితో.

"ఐటీ కొలువు నీ కోరికక్కా, నాది కాదు. నాకేం ఇష్టమో నువ్వెన్నడు అడగలే. చెప్తే ఏడుస్తవని నేను చెప్పలే."

నిజమే, ఎన్నడూ అడగలేదు. గిరిజకు కళ్లు నిండాయి.

"థీసిస్ ఎప్పుడైతది?"

"సెప్టెంబర్‌ల."

"అది ఇచ్చినంక ఆయన దగ్గరికే పో. సగంల ఇడిస్తే మాత్రం ఒప్పుకోను."

హర్ష ఆ మాట ఇంగ్లీషులో చెప్పాక కోచ్ లేవబోయాడు. గిరిజ ఆపింది.

"ఇప్పుడు మీ ఊళ్లో టైమెంత?"

"రాత్రి ఎనిమిది."

"అయితే మీ అక్క మేలుకునే ఉంటుంది. ఫోన్ చెయ్యండి."

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ఈ మాట చెప్పేది కూడా ఒక అక్కే," అంది గిరిజ.

సెమిసి జేబులోంచి ఫోన్ తీశాడు. ఆయన ఫోన్‌లో పేరు వెతకలేదు. ఇన్నేళ్లూ గుర్తుంచుకున్న నంబరును ఒక్కొక్క అంకెగా నొక్కాడు.