ఎడమ వెనక కాలు

ఆ హోటల్ నాలుగో అంతస్తులో మంచాలూ పరుపులూ తీసేసి పది గదుల్లో స్పీకర్లు పెట్టారు. గదికో కంపెనీ, కంపెనీకో ఉపన్యాసం. ఖరీదైన హైఫై సిస్టమ్‌ల ప్రదర్శన అంటే అంతే. జనం ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తారు, కళ్ళు మూసుకుంటారు, తలలూపుతారు, వరండాలోకి వచ్చాక ఒకరి చెవుల్ని ఒకరు వెక్కిరించుకుంటారు.

ఈ సందట్లోకి మన కుర్రవాడు చొక్కా జేబులో స్క్రూడ్రైవరు, చేతిసంచిలో జిగురు డబ్బా పెట్టుకుని వచ్చాడు. అతను వడ్రంగి. పాటలతో అతనికి పనిలేదు. ఆ పది గదుల్లో వేసిన కుర్చీలన్నీ అతనూ అతని మేనమామా కలిసి చేసినవి. ఏడో గదిలో ముందు వరస నడిమి కుర్చీ కిర్రుమంటోందని నిన్న సాయంత్రం తెలిసింది. మేనమామ చెవిన పడేలోపల గుట్టుచప్పుడు కాకుండా బాగుచేసి పోదామని అతని ఆలోచన.

తీరా వచ్చి చూస్తే ఆ కుర్చీలో ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఒళ్ళో నోట్‌బుక్కు, చెవి మీద పెన్ను, మూసిన కళ్ళు. లేస్తుంది కదా అని అతను పక్క కుర్చీలో కూర్చున్నాడు.

పాట మొదలైంది. రెండున్నర నిమిషాలు ఒంటరి గిటారు. ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి నెమ్మదిగా డ్రమ్ము వచ్చి చేరింది. ఆ క్షణంలో ఆ అమ్మాయి హాయిగా వెనక్కి వాలింది.

కిర్రు.

అతని గుండె గతుక్కుమంది. అమ్మాయి మాత్రం చటుక్కున కళ్ళు తెరిచి, పాతికేళ్ళుగా తెలిసిన స్నేహితుడిని పట్టుకున్నట్టు అతని మోచెయ్యి పట్టుకుంది.

"విన్నారా?"

"విన్నానండీ," అన్నాడు, సిగ్గుతో చచ్చిపోతూ.

"మీకూ వినిపించిందా! గిటారాయన కుర్చీలో కదిలాడు! ఈ పాట నేను ఎన్ని వందలసార్లు విన్నానో, ఒక్కసారీ ఈ చప్పుడు వినలేదు. అదీ ఎలా వచ్చింది? సరిగ్గా నా వీపు వెనక నుంచి వచ్చినట్టు!"

"ఎడమ వెనక కాలు," అని నోరు జారాడతను.

అమ్మాయి నోరు తెరుచుకుని చూసింది.

"ఏ కాలో కూడా తెలిసిపోయిందా మీకు?"

"చప్పుడుని బట్టి... జాయింటు వదులైందండి."

ఆమె ఆ మాట గబగబా రాసుకుంది. పాట మళ్ళీ పెట్టించింది. డ్రమ్ము రాగానే మళ్ళీ వాలింది, మళ్ళీ కిర్రు. మూడోసారీ అంతే, అదే చోట. "రికార్డింగులో ఉందనడానికి ఇంకేం కావాలి?" అంది గెలిచినట్టు. స్పీకర్ల వెనక నిలబడ్డ ఏడో గది పెద్దాయన, ఆ సిస్టమ్ అమ్మే మనిషి, ఇదంతా తన గొప్పేనన్నట్టు మీసం సర్దుకున్నాడు.

నిజం చెప్పేద్దామని కుర్రవాడు నోరు తెరిచాడు. చెప్పేవాడే, ఆమె ఈ మాట అనకపోతే.

"నా పేరుతో అచ్చయ్యే మొదటి వ్యాసం ఇదేనండి. రెండేళ్ళుగా మా పత్రికలో అచ్చుతప్పులు దిద్దుతూ కూర్చున్నాను. ఎడిటర్ మా మేనత్తే. పది గదులూ పోల్చి ఆరింటికల్లా వ్యాసం ఇస్తే సరే, లేకపోతే మళ్ళీ ఒత్తులూ దీర్ఘాలూ చూసుకో అంది. ఏమీ తోచక ఏడుపొచ్చింది పొద్దున. ఇప్పుడు దొరికింది! ఏ గదిలో ఆ కుర్చీ వినిపిస్తుందో ఆ గదికి ఫస్టు. మీరు సౌండ్ ఇంజనీరా?"

"కాదండీ. చెక్క పని."

"స్పీకర్ డబ్బాలా! అందుకే!" అంది ఆమె. "ఒక్క పూట మీ చెవులు నాకు అరువివ్వాలి. రండి."

అతను జేబులో స్క్రూడ్రైవరు తడుముకున్నాడు. తర్వాత వెళ్ళాడు. ఆ నవ్వు చూస్తే ఎవరైనా వెళ్తారు.

రెండో గదిలో స్పీకర్లు బీరువాలంత ఉన్నాయి. బేస్ మొదలవగానే కిటికీ అద్దాలు దడదడలాడాయి.

"ఎలా ఉంది?" గుసగుసగా అడిగింది.

"ఖాళీ బీరువాని బాదుతున్నట్టు ఉందండి."

ఆమె నవ్వాపుకోలేక నోట్‌బుక్కు మొహానికి అడ్డం పెట్టుకుంది. కుర్చీ వినిపించలేదు. మార్కులు కోసేసింది.

ఐదో గదిలో యాంప్లిఫయర్ మీద గాజు వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. వెచ్చని ధ్వని అండి, వెచ్చని ధ్వని, అని ఆ గదాయన పదిసార్లు చెప్పాడు.

"చిత్రిక మరీ ఎక్కువ పట్టేశారు," అన్నాడు మనవాడు. "మెత్తగానే ఉంది. కానీ మూలలన్నీ అరిగిపోయాయి."

తొమ్మిదో గదిలో ప్రతి శబ్దమూ విడివిడిగా, తళతళలాడుతూ వినిపించింది.

"దీనికేం వంక పెడతారు?"

"వంకేం లేదండి. ఎవర్నీ కూర్చోనివ్వని డ్రాయింగు రూములా ఉంది."

"మా అత్తయ్య ఇల్లు!" అందామె, పెన్ను పరుగెత్తిస్తూ.

అతను గాల్లో తేలిపోతున్నాడు. జన్మలో అతని మాటలు ఎవరూ రాసుకోలేదు. మేనమామ కొలతలు కూడా రెండుసార్లు అడిగి, అతను చెప్పింది కాకుండా తనకు తోచింది రాసుకునేవాడు. అయితే ప్రతి గదిలోనూ డ్రమ్ము వచ్చే చోట ఆమె చెవులు రిక్కించడం, కిర్రు రాక పెదవి విరవడం చూసినప్పుడల్లా అతను నేలచూపులు చూసేవాడు. ఆమెకు అబద్ధం చెప్పడం లేదు, నిజం చెప్పడం లేదంతే అని సర్దిచెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు కూడా వదులు జాయింటే.

భోజనాల వేళ ఏడో గది ఖాళీ అయింది. అతను లోపలికి దూరి, కుర్చీని బోర్లించి, జిగురు పెట్టి, స్క్రూ బిగించాడు. గంట ఆగి, కూర్చుని వాలి చూశాడు. చప్పుడు లేదు. ఇక ఈ సంగతి ఎవరికీ తెలియదులే అనుకుని చేతులు దులుపుకున్నాడు. చెక్క విషయంలో ఉన్న తెలివి మిగతా విషయాల్లో లేకపోవడమంటే ఇదే.

నాలుగున్నరకి ఆ అమ్మాయి వాళ్ళ మేనత్తని వెంటబెట్టుకుని వచ్చింది. ఆవిడ కళ్ళజోడు మీదుగా చూస్తే ఎదుటివాళ్ళు తమ తప్పులు తామే ఒప్పేసుకుంటారు.

"కూర్చో అత్తయ్యా, ఈ కుర్చీలోనే. డ్రమ్ము రాగానే విను."

గిటారు. డ్రమ్ము. మేనత్త వెనక్కి వాలారు. కిర్రు లేదు.

"ఏది?" అన్నారావిడ.

"ఇంకోసారి పెట్టండి! నేను కూర్చుంటాను."

మళ్ళీ కిర్రు లేదు. పెద్దాయనకి చెమటలు పట్టాయి. కేబుళ్ళు మార్చాడు. ఏసీ ఆపాడు. డిస్కు తుడిచాడు. చివరికి, "మధ్యాహ్నం నుంచీ ఈ హోటల్ కరెంటు స్వచ్ఛంగా లేదండి, అన్నం వండే కరెంటుతో కలిసిపోతోంది," అన్నాడు.

"పొద్దుట్నుంచీ నువ్వు ఏం విన్నావే?" అన్నారు మేనత్త. "లేని చప్పుడికి ఫస్టు ర్యాంకా? రేపు పాఠకులు మన చెవుల్లో దూది పెట్టి పంపిస్తారు. నీకు అచ్చుతప్పులే నయం."

అమ్మాయి మొహం వాడిపోయింది. చుట్టూ చూసి, తలుపు దగ్గర తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ అతన్ని పట్టుకుంది.

"మీరు చెప్పండి! మీరూ విన్నారు కదా! ఎడమ వెనక కాలు అన్నది మీరే కదా!"

ఆ నమ్మకం చూశాక అతనికి ఇక దాక్కునే చోటు లేదు.

"ఉందండి ఆ చప్పుడు. కానీ పాటలో కాదు. మీరు కూర్చున్న ఈ కుర్చీలో. నేను చేసిన కుర్చీయే. ఇందాక నేనే జిగురు పెట్టాను."

గదిలో నలుగురూ కుర్చీ వంక చూశారు. కుర్చీ ఏమీ అనలేదు.

"అంటే..." అమ్మాయి తను వేసిన మార్కుల వంక చూసుకుంది. "పొద్దుట్నుంచీ నా చెవిలో పువ్వు పెట్టి, ప్రతి గదిలోనూ నవ్వుకున్నారా?"

"నవ్వుకోలేదండి. చెప్తే మీ సంతోషం పోతుందని... కాదు, నిజం చెప్తాను. చెప్తే నాతో తిరగడం మానేస్తారని చెప్పలేదు. తప్పే. కానీ మీ మార్కులు తప్పు కాదు. ఈ గదే ఫస్టు."

"ఎలా?" అన్నారు మేనత్త.

"ఊరికే కూర్చుంటే ఈ కుర్చీ కిర్రుమనదండి. ఒళ్ళు మర్చిపోయి వెనక్కి వాలితేనే అంటుంది. ఇక్కడ డ్రమ్ము రాగానే ఆవిడ మూడుసార్లూ వాలారు. ఇందాక మీరూ వాలారు. మిగతా గదుల్లోనూ అదే పాట, నా కుర్చీలే. ఒక్క చోటా ఆవిడ వాలలేదు. రెండో గదిలో అంచున కూర్చున్నారు. ఐదో గదిలో పెన్ను మూత కొరికారు. తొమ్మిదో గదిలో రెండుసార్లు గడియారం చూసుకున్నారు. ఆరో గదిలో జుట్టు విప్పి మళ్ళీ ముడేసుకున్నారు."

మేనత్త కళ్ళజోడు కిందికి జారింది.

"నాయనా, నువ్వు ఆ గదుల్లో పాటలు విన్నావా, మా పిల్లని చూశావా?"

అతని చెవులు వాల్వుల్లా ఎర్రబడ్డాయి.

"చూడకుండా ఉండలేకపోయానండి."

అమ్మాయి నోట్‌బుక్కు మూసి, "ఆరింటికి ఇంకా గంట ఉంది" అని ఎవరికో చెప్పినట్టు చెప్పి, అతని వైపు చూడకుండా వెళ్ళిపోయింది. అతను జిగురు డబ్బా పట్టుకుని మెట్లు దిగాడు. లిఫ్టు ఉందన్న సంగతి కింద దాకా గుర్తురాలేదు.

తర్వాత వారం రోజులు అతను కోసిన ప్రతి చెక్కా పొట్టిగానే తెగింది. మేనమామ తిట్టి తిట్టి అలిసిపోయాడు.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం మేనమామ పత్రిక పట్టుకుని వచ్చాడు.

"ఏరా, పాడు కుర్చీ అంటగట్టి పత్రికకెక్కించావా మన కొట్టుని?"

"అయిపోయింది," అనుకున్నాడు కుర్రవాడు.

"అచ్చులో ఏముందో విను. 'పది సిస్టమ్‌లని నా చెవులతో పోల్చాను. తీర్పు మాత్రం నా వీపు చెప్పింది. దాన్ని కనిపెట్టింది ఒక కుర్చీలాయన.' ఖాళీ బీరువా, అరిగిన మూలలు, అన్నీ ఆ కుర్చీలాయన మాటలేనని వేసింది. ఆ ఏడో గదాయన పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇప్పుడు అతని షాపుకి వచ్చినవాళ్ళంతా కిర్రు కుర్చీ ఏదని అడుగుతున్నారట. ఆ కుర్చీ జిగురు తీసి తనకి ఇవ్వమంటున్నాడు! ఎవర్రా ఈ పిల్ల?"

"నేనేనండి," అంది గుమ్మంలోంచి ఒక గొంతు.

మేనమామ ఆమెనీ, మేనల్లుడి మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. వారంగా చెక్కలెందుకు పొట్టిగా తెగుతున్నాయో ఆయనకు అర్థమైంది. పాలిష్ పెట్టిన కొత్త కుర్చీ ఒకటి తెచ్చి ఆమె ముందు వేసి, తుడిచి, "కూర్చో తల్లీ, ఆరిపోయిందిలే," అని చెప్పి, అక్కర్లేని మేకులు కొనడానికి వీధిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చుంది. అంచునే.

"నా మీద ఇంకా కోపమేనా?" అన్నాడతను.

"నాలుగు రోజులు బోలెడు కోపం. ఐదో రోజు నుంచి వేరే చిరాకు. నేను జుట్టు ముడేసుకోవడం చూసిన మనిషి, పత్రికకి ఒక్క ఫోన్ చెయ్యడేం అని."

"చెయ్యి పదిసార్లు ఫోన్ దాకా వెళ్ళిందండి."

"ఇంకా అండీ ఏమిటి? అత్తయ్య ఏమందో తెలుసా? బాగా వినేవాళ్ళు ఊరినిండా ఉన్నారు, నువ్వు వినేటప్పుడు నిన్ను చూసేవాడు మళ్ళీ దొరకడు, వెళ్ళి తీసుకురా అంది. ఆదివారం భోజనానికి రమ్మంది. డ్రాయింగు రూములో కూర్చోనిస్తుందట కూడా."

అతనికి నవ్వూ, ఇంకేదో కలిసి వచ్చాయి. ఏం చెయ్యాలో తోచక అలమరలో ఉన్న పాత రేడియో పెట్టాడు. దాని ఏరియల్ విరిగితే బట్టల హ్యాంగరు గుచ్చారు. గరగరల మధ్య ఎవరో ఏదో పాడుతున్నారు, ఆడో మగో తెలియడం లేదు.

"దీనికెన్ని మార్కులు?" అన్నాడు.

ఆమె శ్రద్ధగా విన్నది.

"సున్నా."

అని, నోట్‌బుక్కు సంచిలో పడేసి, కళ్ళు మూసుకుని, మెల్లగా వెనక్కి వాలింది. కుర్చీ చప్పుడు చెయ్యలేదు.

"వాలారే?" అన్నాడతను.

"వాలాను," అందామె కళ్ళు తెరవకుండానే. "రేడియో బాగుందని కాదు."